ఏసీ సరుకు

నాకు కోపం ఎక్కువని మా వాళ్ళందరూ అంటారు. ఎక్కువే. కానీ అది ఊరికే రాదు, ఎవరో ఒకరు తెచ్చిపెడితేనే వస్తుంది. కిందటేడు శ్రావణమాసంలో ఒక పాత కంప్యూటరు కొనాలా వద్దా అని వారం రోజులు కొట్టుమిట్టాడినప్పుడు నాకు కోపం తెప్పించని మనిషంటూ లేడు. మా ఆయన, మెకానిక్, అమ్మేవాడు, చివరికి మా అమ్మ కూడా. మా ఆయన్ని ఎదురుగా ఉన్నప్పుడు మీరు అనే అంటాను. ఇది రాస్తుంటే ఆ కోపమంతా మళ్ళీ వస్తోంది కాబట్టి ఇక్కడ ఆ మర్యాద కుదరదు.

నల్లపాడులో మా ఇల్లు స్టేషనుకు వెళ్ళే దారిలో ఉంది. ఇంటికి ముందు ఒక గది, దానికి రోడ్డు మీదికి షట్టరు. ఆ గదిలో ఇరవై ఏళ్ళ నుంచి నేను తెలుగు టైపు కొడుతున్నాను. పెళ్ళి కార్డులు, ఓణీల ఫంక్షను కార్డులు, చర్చి సభల కరపత్రాలు, పాటల పుస్తకాలు, పురుగుమందుల కొట్ల బిల్లుబుక్కులు, ఒకసారి తప్పిపోయిన గేదె గురించి నోటీసు. నేను పేజీ తయారుచేసి గుంటూరులో ప్రెస్సుకు పంపిస్తాను, వాళ్ళు అచ్చు వేస్తారు. కార్డు మీద నా పేరు ఎక్కడా ఉండదు. కానీ మా చుట్టుపక్కల ఏ ఇంట్లో బీరువా తెరిచినా నేను కొట్టిన కార్డు ఒకటైనా దొరుకుతుంది. అందులో తప్పు మాత్రం దొరకదు. వత్తు ఎగిరిపోయిందనో, దీర్ఘం జారిపోయిందనో ఇంతవరకు ఎవరూ నా గది మెట్లెక్కలేదు.

శ్రావణం మొదటి వారంలో, చేతిలో ఎనిమిది పెళ్ళి కార్డుల పని ఉండగా, ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. టేబులు కింద టప్పుమంది. కాలిన వాసన వచ్చింది. అంతే, నా మిషను పోయింది.

మెకానిక్ వచ్చి మూత తీసి చూసి బోర్డు కాలిపోయిందన్నాడు. "ఇలాంటి బోర్డులు ఇప్పుడు రావడం లేదక్కా. కొత్తది తీసుకో, పీడా పోద్ది" అన్నాడు. పీడా పోద్దట. నా ఇరవై ఏళ్ళ పని వాడికి పీడ.

కొత్తది ఎందుకు కుదరదో వాడికీ తెలుసు. నేను వాడే తెలుగు సాఫ్ట్‌వేర్ గది తెరిచిన ఏడాది కొన్నది. దానితో పాటు బొటనవేలంత ముక్క ఒకటి ఇచ్చారు. దాన్ని మేము లాక్ అంటాం. ఆ లాక్‌ను కంప్యూటరు వెనకాల ప్రింటరుకని ఉండే వెడల్పాటి సాకెట్టులో పెడితేనే తెలుగు అక్షరం తెర మీదికి వస్తుంది. ఇప్పటి కంప్యూటర్లకు ఆ సాకెట్టే లేదు. నా వేళ్ళకు ఆ సాఫ్ట్‌వేర్ అక్షరాల వరసే వచ్చు. ప్రెస్సువాళ్ళూ ఆ అక్షరాలే కావాలంటారు. నేను ఇన్నేళ్ళుగా కొట్టిందంతా అందులోనే ఉంది.

అయినా మెకానిక్ నా డిస్కును తన కొట్లో కొత్త మిషనుకు తగిలించి, ఫైళ్ళు భద్రంగా ఉన్నాయి చూడక్కా అని చూపించాడు. ఉన్నాయి. ఒక పెళ్ళి కార్డు తెరిస్తే తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, నెత్తిన చుక్కలు పెట్టుకున్న ఏవో అక్షరాలు. వాడు ఇంకేదో నొక్కి, వీటిని కొత్త తెలుగులోకి మార్చే ప్రోగ్రాం ఉందిలే అన్నాడు. మార్చాడు. ఆహ్వానం కాస్తా ఆహానం అయింది. అమ్మమ్మ అమమ అయింది. వత్తులన్నీ ఎటో ఎగిరిపోయాయి. "కొంచెం సరిచేసుకుంటే సరిపోద్ది" అన్నాడు. ఇరవై ఏళ్ళ కార్డులకు వత్తులు ఏరుకుంటూ కూర్చోమంటున్నాడు.

నేను ఇంటికి తిరిగి వచ్చేసరికి షట్టరు మీద ఒక అట్ట వేలాడుతోంది. స్కెచ్ పెన్నుతో, మా ఆయన చేతిరాతతో ఉంది.

ఈ గది అద్దేకు ఇవ్వబడును.

మిషను కాలి రెండు రోజులు కూడా కాలేదు. పోయిన మనిషి సామాను కూడా అంత తొందరగా సర్దరు. నిజం చెప్పాలంటే ఆ అట్ట చూసినప్పుడు నా గది పోతోందన్న బాధ తర్వాత వచ్చింది. ముందు ఒళ్ళు మండింది ఆ 'అద్దేకు'లో దీర్ఘం చూసి. ఇరవై ఏళ్ళు ఒక్క తప్పు లేకుండా తెలుగు బయటికి పంపిన షట్టరు మీద తప్పు తెలుగు.

మా ఆయన ఒక స్కూల్లో అటెండరు. చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే ఎప్పుడో తేల్చుకునేదాన్ని. మంచిగా, మెల్లగా, నా మంచి కోసమే అన్నట్టు మాట్లాడే మనిషి, అదే నాకు సహించదు.

"ఇదేంటండీ?" అన్నాను.

"చికెన్ పకోడీ అతను అడుగుతున్నాడే. ఒకటో తారీకు నుంచి పెట్టుకుంటాడట. నువ్వు మాత్రం ఇంకెంత కాలం కొడతావు ఆ టకటక? మెడ నొప్పి అంటావు, కళ్ళు లాగుతున్నాయంటావు. దేవుడే ఆపించాడనుకో."

"దేవుడు ఆపించలేదు, కరెంటోళ్ళు ఆపించారు."

"సరేలే. ఈలోగా మిషను వస్తే అట్ట నేనే తీసేస్తా" అన్నాడు. రాదని ఆయనకు గట్టి నమ్మకం.

అట్ట చింపేద్దామని చెయ్యి ఎత్తాను. చింపలేదు. చింపి లోపల ఏం చూపించాలి? గదిలో కాలిపోయిన డబ్బా తప్ప ఏమీ లేదు. ఒకటో తారీకుకు తొమ్మిది రోజులు ఉంది.

మర్నాడు పొద్దున్నే మాస్టారు ఒకాయన వచ్చారు. మా చర్చిలో పెద్ద, రిటైరైన తెలుగు పండితుడు. వాళ్ళ అక్కయ్యగారు పోయి వారం అయింది. నా షట్టరు మూసి ఉండటం చూసి ఆయన అటే గుంటూరు వెళ్ళి, ఒక ఫ్లెక్సీల కొట్లో, పోయినవాళ్ళ కోసం మా చర్చిలో పెట్టే ఆదరణ కూడికకు కార్డులు వేయించుకున్నారట. ఆ కొట్లో కుర్రవాడు టైపు కొట్టడు. ఫోను నోటి దగ్గర పెట్టుకుని చదువుతాడు, అదే తెలుగు అయిపోతుంది. మాస్టారు సంచిలోంచి ఒక కార్డు తీసి నా చేతికిచ్చారు.

'ప్రభువునందు నిద్రించిన మా అక్కయ్య' అని ఉండాలి. మాలో పోయినవాళ్ళ గురించి అలాగే రాస్తాం. కార్డు మీద 'ప్రభు విందు నిద్రించిన మా అక్కయ్య' అని ఉంది.

చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే వేళను మేము ప్రభు విందు అంటాం. అంటే ఆ మహాతల్లి ఆరాధన మధ్యలో కునికిపాట్లు పడిందని అచ్చు వేయించి ఊరంతా పంచబోతున్నట్టు.

"మా అక్క జీవితంలో ఒక్క ఆదివారం కూడా ప్రభువు బల్ల దగ్గర కన్ను మూసి ఎరగదమ్మా" అన్నారు మాస్టారు. "నేను చూసుకోవాల్సింది. పండితుణ్ణి. కళ్ళజోడు పెట్టుకోకుండానే సరే అన్నాను."

నాకు నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది, రెండూ పోయి కోపం వచ్చింది. ఆ ఫ్లెక్సీ కుర్రవాడి మీద కాదు. వాడికి ఆ మాట ఎవరు చెప్పారు కనుక? ఈ పని ఎవరైనా చెయ్యొచ్చు, నోరుంటే చాలు అనుకునే అందరి మీదా వచ్చింది. అట్ట రాసిన మనిషి మీద కూడా. ఆయన ఆ సమయానికి వెనక పెరట్లో చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

"కూడిక ఎప్పుడండీ?" అని అడిగాను.

"వచ్చే ఆదివారం. నువ్వు కొట్టి ఇస్తావా అమ్మా?" అని ఆయన షట్టరు మీది అట్ట వైపు చూశారు. చదివారు. దీర్ఘం దగ్గర ఆయన కళ్ళు ఆగడం నేను చూశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"శుక్రవారానికి ఇస్తానండీ" అన్నాను. దేనితో ఇస్తానో నాకే తెలియదు.

మెకానిక్‌కు ఫోను చేసి, ఆ సాకెట్టు ఉన్న పాత మిషను భూమ్మీద ఎక్కడైనా ఉందో లేదో చెప్పమన్నాను. వాడు అడగగా అడగగా గుంటూరు బ్రాడీపేటలో ఒక షాపు చెప్పాడు. కంపెనీలు వాడి పారేసిన కంప్యూటర్లను బాగుచేసి అమ్ముతారట, రీఫర్బిష్డ్ అంటారట. "పాతవి అక్కా, మరీ నమ్మకు" అని కూడా అన్నాడు. కొత్తది కొనమన్నదీ వాడే, పాతది నమ్మొద్దన్నదీ వాడే.

బయల్దేరబోతుంటే మా అమ్మ చీర మార్చుకుని చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. మా అమ్మ మా దగ్గరే ఉంటుంది, ఇప్పటికీ మిర్చి గోడౌనులో తొడిమలు తీసే పనికి వెళుతుంది. వద్దంటే వినదు. నలభై ఏళ్ళుగా ఆ పనే. ఆ తొడిమల మీదే నన్ను టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించింది.

"నువ్వెందుకమ్మా? కంప్యూటరు కొట్టుకి" అన్నాను.

"సరుకు చూడ్డానికి. నీకు ముక్కు మీద కోపమే గానీ సరుకు చూడ్డం ఏం తెలుసే?"

షాపు మేడ మీద ఉంది. అద్దాల తలుపు, లోపల చల్లగా ఉంది. కత్తిరించిన గడ్డంతో చక్కగా తయారైన అబ్బాయి నన్ను మేడం అని, మా అమ్మను మామ్మగారు అని పిలిచి కూర్చోబెట్టాడు. మామ్మగారు అన్నప్పుడే మా అమ్మ మొహం మారింది. వరసగా నల్లటి డబ్బాలు పేర్చి ఉన్నాయి, అన్నీ తళతళలాడుతున్నాయి. నేను ఎవరితోనూ మాట్లాడకుండా ప్రతిదాన్నీ వెనక్కి తిప్పి చూస్తూ పోయాను. ఐదోదానికి సాకెట్టు ఉంది. గుండె ఝల్లుమంది. పైకి మాత్రం ముఖం ముడుచుకునే ఉన్నాను.

"ఇది మంచి పీసు మేడం. బెంగళూరులో పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీది. దుమ్మూ ధూళీ ఎరగదు. ఏసీలో ఉన్న సరుకు" అని రేటు కూడా చెప్పాడు అబ్బాయి.

మా అమ్మ కుర్చీలోంచి ముందుకు వంగింది. "ఏసీ సరుకా?"

"అవును మామ్మగారూ. ఫుల్ ఏసీ."

"ఏ ఏడాది ఏసీ?"

అబ్బాయికి అర్థం కాలేదు. "ఏడాదేంటండీ, ఏడాది పొడుగునా ఏసీయే."

"అంటే ఏడాది దాటిందన్నమాట. మరి కొత్త కాయ రేటు చెప్తన్నావేంటి?"

వాడు ఈ ఊరివాడు కాదని అప్పుడు తెలిసింది. గుంటూరులో ఏసీ అంటే గదిలో చల్లగాలి కాదు, కోల్డ్ స్టోరేజీ. రైతు ఆ ఏడు అమ్ముకోలేక ఏసీలో పెట్టిన మిరపకాయ తర్వాత బయటికొస్తే అది ఏసీ కాయ. ఆ ఏడు పండింది కొత్త కాయ. శ్రావణంలో మా అమ్మ చేతుల్లో నలిగేదంతా ఏసీ కాయే. వాడు పొగడ్త అనుకుని చెప్పిన మాట మా అమ్మ చెవికి, ఇది నిరుటి సరుకు అని ఒప్పుకున్నట్టు వినపడింది.

వాడు నా వైపు తిరిగి నవ్వాడు. "పెద్దావిడకి అర్థమవలేదనుకుంటా. అయినా ఇంత పాత మోడలు మీకెందుకు మేడం? తెలుగు టైపుకా? ఇప్పుడు ఎవరు కొడుతున్నారండీ, ఫోన్లో చెప్తే అదే వచ్చేస్తది కదా."

"వచ్చేస్తది. చచ్చిపోయిన మనిషిని చర్చిలో నిద్రపుచ్చేస్తది" అన్నాను. వాడికి ఇదీ అర్థం కాలేదు. కాకపోతే పోయింది. నా చేతిసంచిలోంచి లాక్ తీసి సాకెట్టులో పెట్టి చూశాను. సరిగ్గా కూర్చుంది.

"మూత తియ్యి" అంది మా అమ్మ.

"తియ్యకూడదు మామ్మగారూ. సీలు ఉంది. తీస్తే వారంటీ పోద్ది."

"సంచి మూతి విప్పకుండా సరుకు ఎవరు కొంటారయ్యా?"

మిర్చి యార్డులో అయినా, ఊళ్ళో కల్లం దగ్గరైనా, తెలిసినవాళ్ళు సంచి పైన ఉన్న కాయ చూడరు. పైన ఎప్పుడూ ఎర్రటి కాయే ఉంటుంది. మూతి విప్పి, చెయ్యి భుజం దాకా దూర్చి, అడుగునుంచి ఒక గుప్పెడు తీస్తారు. తాలు కాయ ఉన్నా, తడి ఉన్నా అక్కడే బయటపడుతుంది. మా అమ్మ చూపు నాకు తెలుసు. నేను ఆ సీలు కాగితాన్ని గోటితో గీరి, పక్కన ఉన్న మీట నొక్కి మూత లాగేశాను. ఇరవై ఏళ్ళు ఆ డబ్బాలతో కాపురం చేసినదాన్ని, నాకు ఎవరూ చూపించనక్కర్లేదు. అబ్బాయి మేడం మేడం అంటూనే ఉన్నాడు.

మా అమ్మ కొంగు దోపుకుని డబ్బాలోకి చెయ్యి పెట్టింది. తీగల కిందుగా, అడుగు రేకు మీద వేలు పెట్టి ఈ మూల నుంచి ఆ మూలకు రాసింది. పైకి తీసి చూసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత ఆ వేలు అబ్బాయి మొహం ముందు పెట్టింది. ఎర్రగా ఉంది.

వాడు ఏంటోనని వంగి చూశాడు. తుమ్మాడు. మళ్ళీ తుమ్మాడు. నేను మూత పక్కన పెట్టబోతే ఫ్యాను రెక్కల్లోంచి ఇంకాస్త రాలింది, పైనుంచి చల్లగాలి దాన్ని గదంతా తిప్పింది. అటు పక్క లాప్‌టాప్ చూసుకుంటున్న ఇద్దరు దగ్గుకుంటూ తలుపు తీసుకుని బయటికి వెళ్ళారు. మా అమ్మ ఒక్కతే హాయిగా ఊపిరి పీల్చుకుంటోంది.

"బెంగళూరులో మిరపకాయ ఎక్కడ పండుద్ది అబ్బాయ్?" అని అడిగింది.

వాడు కళ్ళు తుడుచుకుంటూ నీళ్ళు నమిలాడు. ఏదో లాటులో వచ్చిందన్నాడు. ఇక్కడే ఒక మిర్చి కమీషను కొట్టు వాళ్ళు పాత కంప్యూటర్లు మార్చేస్తుంటే తీసుకున్నామన్నాడు. పైన తుడిచాం, లోపల చూసుకోలేదన్నాడు.

నేను అప్పుడు ఏమన్నానో మొత్తం గుర్తు లేదు. గట్టిగానే అన్నాను, కింద మెట్ల దాకా వినపడిందట. పాతదని తెలిసే వచ్చాను కదరా, పాతదే కావాలని అడిగాను కదా, మరి పాతదాని మీద మళ్ళీ అబద్ధం ఎందుకు చెప్పావు అన్నాను. ఆడవాళ్ళు, ఒక ముసలావిడ, వీళ్ళకేం తెలుసులే అనుకున్నావా అన్నాను. నిజానికి ఆ మాటలు వాడికి ఒక్కడికే కాదు. పీడా పోద్దన్నవాడికి, దేవుడే ఆపించాడన్న ఆయనకు, నోరుంటే చాలు అనుకునే అందరికీ చెప్పాల్సినవి వాడి నెత్తిన పడ్డాయి. లాక్ పీకి సంచిలో వేసుకుని మెట్లు దిగేశాను.

కింద టీ బండి దగ్గర నిలబడ్డాను. మా అమ్మ మోకాళ్ళు పట్టుకుంటూ మెల్లగా దిగి వచ్చింది.

"ఎందుకొచ్చేశావే?"

"ఎందుకేంటి? అబద్ధం చెప్పాడు."

"వాడు చెప్పాడు. డబ్బా చెప్పిందా?"

నేను సంచిలో లాక్ ఉందో లేదో చూసుకున్నాను.

"ఏసీ కాయని ఏసీ కాయ అని చెప్పి పోస్తే నేను ఏనాడన్నా తొడిమ తియ్యనన్నానా? రంగు నిలిచిన కాయ ఎక్కడున్నా కాయే. కొత్త కాయలో కలిపి కొత్తదంటేనే సంచి తిరగేసేది. వాణ్ణి తిట్టావు, బాగానే తిట్టావు, వాడికది పడాల్సిందే. డబ్బా ఏం చేసిందే నిన్ను? ఇన్నేళ్ళు ఆ ఘాటులో పడి పనిచేసి కూడా ఇంకా తిరుగుతోంది. నాకు తెలిసి మనుషులే అట్టా ఉండరు."

"వారంటీ ఇవ్వడు. రేపు ఆగిపోతే?"

"ఆగిపోతే అప్పుడు పకోడీలు వేయించుకో. ఇప్పుడే ఎందుకు?"

కోపంలో ఉన్న మనిషికి ఎదుటివాళ్ళు చెప్పేది సరైనదని తెలిస్తే కోపం తగ్గాలి. నాకు పెరుగుతుంది. ఇరవై నిమిషాలు టీ బండి దగ్గర మా అమ్మతో మాట్లాడకుండా నిలబడ్డాను. ఇది వద్దంటే ఇంకో సాకెట్టు లేదు. కొంటే మా ఆయన, పాత ఇనుము మోసుకొచ్చావా అంటాడు. మాస్టారికి శుక్రవారం అన్నాను. ఆయన కళ్ళు ఆ దీర్ఘం దగ్గర ఆగడం మళ్ళీ గుర్తొచ్చింది. మళ్ళీ మెట్లెక్కాను.

అబ్బాయి కిటికీలు తెరిచి తుడిపిస్తున్నాడు. నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇది తీసుకుంటా. బిల్లు నేను చెప్పినట్టు రాయాలి" అన్నాను.

వాడు కంప్యూటరులో అప్పటికే ఉన్న బిల్లు చూపించాడు. ఇంగ్లీషులో కొత్తదానిలాంటిదే అని ఉంది.

"అది కొట్టెయ్యి. పాతది, గుంటూరు మిర్చి కమీషను కొట్లో వాడినది అని రాయి. మూడు నెలల్లో ఆగిపోతే బాగుచేసి ఇస్తానని రాయి."

"అలా ఎవరూ రాయరు మేడం. బిల్లు మీద మిర్చి అని ఎలా రాస్తామండీ?"

"లోపల ఉన్నదే కదా రాయమంటున్నా."

తెలుగులో టైపు చెయ్యడం వాడికి రాలేదు. ఫోను తీసి నోటి దగ్గర పెట్టుకోబోతే నేను చెయ్యి అడ్డం పెట్టి, కలం తీసుకుని, బిల్లు మీద నా చేత్తోనే తెలుగులో రాశాను. వాడు కింద సంతకం పెట్టాడు. ధర సంగతి మా అమ్మ మాట్లాడింది. ఆ మాటలు ఇక్కడ రాయను, కానీ దిగేటప్పుడు ఆ అబ్బాయే డబ్బా మోసుకొచ్చి ఆటోలో పెట్టాడు.

గురువారం ఉదయం మూతికి కొంగు కట్టుకుని వసారాలో కూర్చుని, పెయింటు బ్రష్‌తో ఆ డబ్బా మూలమూలా దులిపాను. రోడ్డు మీద పోయేవాళ్ళు దగ్గుకుంటూ పోయారు. పకోడీ అతను గది కొలతలు చూసుకుందామని వచ్చి, మూడు తుమ్ములు తుమ్మి, మళ్ళీ వస్తానని వెళ్ళాడు. మెకానిక్ వచ్చి నా పాత డిస్కు అందులో పెట్టి, పాత సాఫ్ట్‌వేర్ ఎక్కించి వెళ్ళాడు. అక్కా నీది పట్టుదలే అన్నాడు. వాడి మెచ్చుకోలు నాకు అక్కర్లేదు.

లాక్ పెట్టి తెలుగు తెరిచాను. లాక్ కనబడలేదని తెర మీద ఒక వాక్యం వచ్చింది. మూసి మళ్ళీ తెరిచాను. మళ్ళీ అదే వాక్యం. ఇన్ని రోజులూ కోపమే నన్ను నడిపించింది, అది ఒక్కసారిగా దిగిపోయి భయం వేసింది. పక్కన కూర్చుని చూస్తున్న మా అమ్మ లేచి వెళ్ళి పాత పళ్ళ బ్రష్ తెచ్చి ఇచ్చింది. సాకెట్టు రంధ్రాల్లో దాంతో తోమాను. సన్నటి ఎర్రపొడి రాలింది. లాక్ మళ్ళీ పెట్టాను.

తెలుగు వచ్చింది.

ముందు మాస్టారి కార్డు కొట్టాను. ప్రభువునందు. ఆ మాట కొట్టి, పెద్దగా చేసి, పైకి చదువుకుని, మా అమ్మతో చదివించి, అప్పుడు కింది వరసకు వెళ్ళాను. ఆవిడ మూడో తరగతే చదివింది, కానీ కూడబలుక్కుని చదివేవాళ్ళకే తప్పులు బాగా కనపడతాయి. సాయంత్రం మాస్టారు వచ్చి, ఈసారి కళ్ళజోడు పెట్టుకుని, నిలబడే రెండుసార్లు చదివి, నా తల మీద చెయ్యి పెట్టి వెళ్ళారు. పేజీ ప్రెస్సుకు పంపించేశాను.

ఇంకా వెలుతురు ఉండగానే మా ఆయన స్కూలు నుంచి వచ్చాడు. సైకిలు స్టాండు వేసి, తుమ్మి, లోపలికి తొంగి చూశాడు.

"ఎక్కణ్ణించే ఇది?"

"ఏసీ సరుకండీ" అన్నాను, తల తిప్పకుండా. కొత్త పేజీ తెరిచి పెద్ద అక్షరాలు పెట్టాను. షట్టరు మీద అట్టలో ఉన్న వాక్యాన్నే కొట్టడం మొదలుపెట్టాను. 'అద్దేకు'లో దీర్ఘం తీసేశాను. చివర 'డును' తీసి 'డదు' పెట్టాను. ప్రింటు తీసి, జిగురు రాసి, బయటికి వెళ్ళి ఆయన అట్ట మీదే అంటించాను.

ఆయన వెనకే వచ్చి నిలబడి పైకి చదివాడు.

"ఈ గది అద్దెకు ఇవ్వబడదు." చివరి మాట మీద వేలు పెట్టాడు. "చివర తప్పు పడిందే."

"నేను తప్పు కొట్టనండీ" అన్నాను.